పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు పెద్ద టైర్లు: ఎంత పెద్దవి సరిపోతాయి?

సూరత్: తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి సూరత్ వస్త్ర పరిశ్రమను నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాల సంఖ్య తక్కువేమీ కాదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపాల్సినంత జనాభా అది. దసరాకో, ఇంట్లో శుభకార్యానికో సొంతూరికి బయలుదేరితే హజీరా నుంచి ధూలే మీదుగా సాగే 53వ నంబరు జాతీయ రహదారి ఎక్కి దాదాపు వేయి కిలోమీటర్లు ప్రయాణించాలి. ఏడాదిలో మిగిలిన రోజుల్లో అదే వాహనం నగరం దాటి నల్లరేగడి పొలాల బాటల్లోనూ, వర్షాకాలంలో డాంగ్ అడవుల ఘాట్ రోడ్లపైనా తిరుగుతుంది. ఈ రెండు అవసరాలకూ కలిపి ఒకే బండి కావాలనుకున్నవారు పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ల వైపు చూస్తున్నారు. కొన్న తర్వాత టైర్లు అరిగి దుకాణానికి వెళ్లినప్పుడు ఎదురయ్యే మొదటి సలహా ‘ఒక సైజు పెద్దవి వేయించండి’ అన్నది.

సలహా పూర్తిగా తప్పు కాదు. అయితే సస్పెన్షన్, గేర్లు, బ్రేకులు ఏవీ మార్చని, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్లే ఉన్న పాత వాహనంలో పెద్ద టైరుకు దొరికే చోటు మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ఆ హద్దు దాటితే భారం బ్రేకుల మీద, క్లచ్ మీద, చివరకు బీమా పత్రం మీద పడుతుంది.

టైరు పక్కన రాసిన అంకెలు

లెక్క కోసం ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ కర్మాగారంలో తయారై 2016లో మార్కెట్లోకి వచ్చిన ఈ పికప్ తొలి తరానికి 245/70 ఆర్16 టైర్లు అమర్చారు. ఇందులో 245 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం. 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. పక్కగోడ 171.5 మిల్లీమీటర్లు, పైన ఒకటి, కింద ఒకటి కలిపితే 343. దానికి రిమ్ము 406.4 కలిపితే మొత్తం వ్యాసం 749 మిల్లీమీటర్ల పైచిలుకు.

ఇప్పుడు దుకాణంలో చూపించే ప్రత్యామ్నాయాలను ఇదే కొలతకు పెట్టి చూడాలి. 245/75 ఆర్16 వ్యాసం 774 మిల్లీమీటర్లు, 3.3 శాతం పెద్దది. 265/70 ఆర్16 అయితే 777, పెరుగుదల 3.7 శాతం. 265/75 ఆర్16 మాత్రం 804 మిల్లీమీటర్లకు చేరుతుంది, అంటే 7.3 శాతం. చూపుకు మొదటి రెండింటికీ మూడోదానికీ తేడా పెద్దగా తెలియదు. మూడోది చక్రం గూడును నిండుగా కనిపించేలా చేస్తుంది కాబట్టి ఎక్కువమంది మనసు దానివైపే పోతుంది. చిక్కులన్నీ మొదలయ్యేదీ అక్కడే.

బొలేరోలకు అమర్చే 215/75 ఆర్15 వ్యాసం 703.5 మిల్లీమీటర్లు. చాలామంది వేయించుకునే 235/75 ఆర్15 వ్యాసం 733.5. ఇది 4.3 శాతం పెరుగుదల. కొందరు ఏకంగా 31 అంగుళాల టైరు అడుగుతారు. అది దాదాపు 12 శాతం పెద్దది. ఏ మార్పూ చేయని వాహనానికి దాన్ని సూచించే దుకాణం ఉంటే మరో దుకాణం వెతుక్కోవడమే మేలు.

వ్యాసం ఎంత పెరిగినా నేలకూ ఇరుసుకూ మధ్య ఎత్తు అందులో సగమే పెరుగుతుంది. 804 మిల్లీమీటర్ల టైరు వేసినా పికప్ వెనుక ఇరుసు గుండు నేల నుంచి అదనంగా లేచేది 27 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు వేళ్ల మందం కూడా కాదు. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచిన అనుభవం వల్ల ‘పెద్ద టైరుంటే నీళ్లలో పోవచ్చు’ అన్న మాట ఈ నగరంలో బలంగా వినిపిస్తుంది. ఇంజన్‌కు గాలి పీల్చుకునే గొట్టం నోరు ఎంత ఎత్తున ఉందో, ఇరుసు గాలిగొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో వరద నీటిలో అదే ముఖ్యం. రెండు వేళ్ల ఎత్తుతో అది మారదు.

గేర్లు, బ్రేకులు, మీటరు

749 మిల్లీమీటర్ల టైరు కిలోమీటరు నడవడానికి సుమారు 425 సార్లు తిరుగుతుంది. 804 మిల్లీమీటర్లది 396 సార్లు తిరిగితే చాలు. వాహనానికి మాత్రం ఈ సంగతి తెలియదు. 425 సార్లు తిరిగితేనే కిలోమీటరు అయిందని మీటరు రాసుకుంటుంది. అందువల్ల మీటరు ముల్లు 80 మీద ఉన్నప్పుడు నిజమైన వేగం 86కు చేరువలో ఉంటుంది. 265/70 వేస్తే 83 ఉంటుంది. తయారీదారులు మీటరును అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపేలా అమర్చడం ఆనవాయితీ కాబట్టి మూడు నాలుగు శాతం తేడా చాలావరకు అందులోనే సర్దుకుంటుంది. ఏడు శాతం సర్దుకోదు.

సూరత్ నుంచి ఊరికి వేయి కిలోమీటర్లు నడిపితే పెద్ద టైర్లున్న బండి మీటరు 932 మాత్రమే చూపుతుంది. ఆ ప్రయాణానికి 80 లీటర్ల డీజిల్ ఖర్చయిందనుకుంటే నిజమైన మైలేజీ 12.5. మీటరును నమ్మి లెక్కేస్తే 11.65 వస్తుంది. పెద్ద టైర్లు వేశాక మైలేజీ ఘోరంగా పడిపోయిందన్న ఫిర్యాదుల్లో కొంత ఈ లెక్క తప్పిదమే. అలాగని పడిపోవడం అబద్ధమేమీ కాదు. బరువైన, మొరటు ట్రెడ్ ఉన్న టైరు ఎక్కువ ఇంధనం తాగుతుంది. మీటరు దాన్ని మరింత పెంచి చూపుతుంది. సర్వీసు గడువులు కూడా అదే మీటరు ప్రకారం నడుస్తాయి కనుక 10,000 కిలోమీటర్లకు మార్చవలసిన ఆయిల్ నిజానికి 10,700 దాటాక మారుతుంది.

మీటరు తేడాను మనసులో సరిచేసుకోవచ్చు. గేర్ల తేడాను సరిచేసుకోలేం. టైరు వ్యాసార్థం 7.3 శాతం పెరిగితే ఇంజన్ ఇచ్చే అదే శక్తి నేల వద్ద సుమారు 6.8 శాతం తక్కువ బలంగా అందుతుంది. అన్ని గేర్లూ ఒక మెట్టు పొడవైనట్లు అవుతాయి. చదునైన హైవేపై ఇది ఇబ్బంది కాదు, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది కూడా. బరువు వేసుకుని సాపుతారా ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మూడో గేరులో పోయే చోట రెండో గేరుకు దిగాలి. కదిలించిన ప్రతిసారీ క్లచ్ కాస్త ఎక్కువ జారాలి. పదేళ్లు నడిచిన క్లచ్‌కు ఆ ‘కాస్త’ చాలా ఎక్కువ.

దిగుబాటు ఇంకా కీలకం. ఇంజన్ బ్రేకింగ్ కూడా గేర్ల ద్వారానే చక్రానికి చేరుతుంది కాబట్టి అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అంటే బ్రేకు పెడల్‌పై ఆధారపడే సమయం పెరుగుతుంది. ఆ బ్రేకుల బలమూ నేల వద్ద 6.8 శాతం తగ్గి ఉంటుంది. పైగా భారీ వాహనాలకు ఉద్దేశించిన ఎల్‌టీ తరగతి టైరు మామూలుదానికంటే ఒక్కోటి నాలుగైదు కిలోలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ బరువుంటుంది. ఆ బరువంతా ఇరుసుకు దూరంగా అంచున తిరుగుతుంది కనుక దాన్ని ఆపడం మరింత కష్టం. కుటుంబంతో, వెనుక సామానుతో, రాత్రివేళ లారీల వరుసలో సాగే ప్రయాణానికి ఈ లెక్కలే ముఖ్యం. మిగతా అన్నింటికంటే ముందు చూడవలసినవి ఇవే. దుకాణంలో మాత్రం వీటి ప్రస్తావన అరుదు.

గూట్లో పడుతుందా?

కేటలాగులో ‘సరిపోతుంది’ అని రాసిన టైరు పాత బండికి సరిపోతుందన్న హామీ లేదు. ఆ మాట కొత్త వాహనం కొలతలపై రాసినది. ఏళ్ల తరబడి బరువు మోసిన వెనుక కమాన్ కట్టలు కుంగిపోతాయి, ముందు స్ప్రింగులు కొంత దిగుతాయి, రబ్బరు బుష్‌లు అరిగి చక్రం తన చోటు నుంచి కాస్త కదులుతుంది. అందువల్ల కొలత తీయవలసింది సొంత బండి మీదే.

బండి నిలిచి ఉన్నప్పుడు టైరు చుట్టూ చెయ్యి దూరితే సరిపోయిందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. టైరు రాసుకునేది స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి, అదే సమయంలో ఒక చక్రం గుంతలోకో గుట్టపైకో వెళ్లినప్పుడు. ముందు చక్రం వెనుకవైపు ఉండే ప్లాస్టిక్ లైనింగు, దాని వెనుక క్యాబిన్‌ను చాసిస్‌కు బిగించే భాగం, మడ్‌ఫ్లాప్, బంపర్ కింది మూల, లోపలివైపు సస్పెన్షన్ పై ఆర్మ్ — తాకేవి సాధారణంగా ఇవే. ప్లాస్టిక్‌ను తాకితే వేడి గాలితో కొంచెం వంచి సర్దవచ్చు. ఇనుమును తాకితే ఆ సైజును వదిలేయాలి. చాసిస్ భాగాలను కత్తిరించి లేదా సుత్తితో కొట్టి చోటు చేయడం ‘మార్పు చేయని వాహనం’ అన్న మాటకే అర్థం లేకుండా చేస్తుంది.

పరీక్షకు ఖర్చేమీ లేదు. కొనదలచిన సైజు టైరు ఒకటి తాత్కాలికంగా ముందు చక్రానికి అమర్చి, దాని అంచులకు సుద్ద పొడి పూసి, వెనుక బరువు వేసి, ఒక ముందు చక్రాన్ని ఎత్తైన గట్టు ఎక్కించి స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. సుద్ద ఎక్కడ అంటుకుందో అక్కడ రాపిడి ఉన్నట్లు. దుకాణదారు దీనికి ఒప్పుకోకపోతే కారణం అడగడం కొనుగోలుదారు హక్కు.

రిమ్ము వెడల్పునూ మరచిపోకూడదు. 265/70 ఆర్16 టైరుకు ప్రమాణాల ప్రకారం 7 నుంచి 9 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. పాత బండి రిమ్ము అంతకంటే సన్ననిదైతే టైరు మధ్యలో ఉబ్బి నేలను పూర్తిగా తాకదు, అంచులు వంగి మలుపుల్లో తేలినట్లు అవుతుంది. వెడల్పు రిమ్ము కొని బయటికి జరిపి బిగిస్తే లోపల రాపిడి తప్పవచ్చు గానీ బయటి అంచున కొత్త రాపిడి మొదలవుతుంది, వీల్ బేరింగులపై ఒత్తిడి పెరుగుతుంది. 245/75కు ఈ తలనొప్పి లేదు. వెడల్పు పాతదే కాబట్టి పాత రిమ్ముపైనే చక్కగా కూర్చుంటుంది, ఎత్తు మాత్రం దాదాపు 265/70 అంత వస్తుంది. మార్పులేవీ చేయని పాత పికప్‌కు ఈ రెండింటిలో సన్నటి టైరే మెరుగు.

నల్లరేగడిలో, ఇసుకలో

సన్నటి టైరు బురదలో కూరుకుపోతుందని అభ్యంతరం చెబుతారు. దక్షిణ గుజరాత్‌లోని నేల నల్లరేగడి. తెలుగు రైతుకు దాని స్వభావం వివరించనక్కర్లేదు. వాన పడ్డాక పైపొర జిగురై చెప్పుకు ముద్దలా అంటుకున్నట్లే టైరుకూ అంటుకుంటుంది. ట్రెడ్ సందులు నిండిపోతే ఎంత ఖరీదైన టైరైనా నున్నటి గుండు రాయిలా మారుతుంది. అక్కడ పని చేసేది సందులు వెడల్పుగా ఉండి, తిరిగేటప్పుడు మట్టిని విదిల్చుకునే ట్రెడ్. పైపొర పలుచగా ఉన్నచోట సన్నటి టైరు దాన్ని కోసుకుని కింది గట్టి నేలను పట్టుకుంటుంది. అడుగు తెలియని లోతు బురదలో మాత్రం వెడల్పుకే విలువ.

పూర్తి బురద టైర్లు, అంటే ఎంటీ రకం, తడిసిన తారు రోడ్డుపై పట్టు తక్కువ, మోత ఎక్కువ. నూటికి తొంభై కిలోమీటర్లు తారుపైనే నడిచే బండికి రోడ్డుకూ మట్టికీ మధ్యస్థంగా ఉండే ఏటీ రకం చాలు. పాత సైజులోనే మంచి ఏటీ టైరు వేయించుకోవడం చాలామందికి ఉత్తమ పరిష్కారం. అది దుకాణదారుకు ఉత్సాహం కలిగించే జవాబు కాకపోవచ్చు.

ఇసుక సంగతి వేరు. అక్కడ టైరు పరిమాణం కంటే అందులోని గాలే నిర్ణయిస్తుంది. గాలిని 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు నేలను తాకే భాగం ముఖ్యంగా పొడవునా సాగి బరువును పంచుతుంది. ఒక సైజు పెంచడం వల్ల వచ్చే లాభం దీనిముందు లెక్కలోకి రాదు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపకపోతే వేడికి టైరు పగిలే ప్రమాదం ఉంది కాబట్టి గాలి పంపు బండిలో ఉండాలి. సూరత్ వాసులకు ఇసుక అంటే మొదట గుర్తొచ్చే డుమస్ నల్ల ఇసుక తీరంలో వాహనాలకు ప్రవేశం నిషేధం. అయినా 2025 జులైలో ఒక ఖరీదైన కారు అక్కడి బురద ఇసుకలో కూరుకుపోయి వార్తలకెక్కింది. ఆటుపోట్ల తడిలో మెత్తబడిన ఆ నేల ఏ సైజు టైరునూ లెక్కచేయదు.

గాలి, బరువు, స్టెప్నీ

పరిమాణం తర్వాత రాసి ఉండే 111ఎస్ వంటి గుర్తుల్లో అంకె బరువును, అక్షరం వేగాన్ని సూచిస్తాయి. 111 అంటే ఆ టైరు 1,090 కిలోలు మోయగలదు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వరకు అనుమతి. కొత్త టైరు అంకె పాతదానికంటే తగ్గకూడదు. ఎల్‌టీ తరగతి టైర్లలో మరో మెలిక ఉంది. పక్కగోడలు మందం కావడంతో అంతే బరువు మోయడానికి వాటికి ఎక్కువ గాలి కావాలి. తలుపు స్తంభంపై అంటించిన పాత గాలి పట్టికనే పాటిస్తే వేసవి హైవేపై టైరు లోలోపల వేడెక్కుతుంది. తయారీదారు ఇచ్చే బరువు-గాలి పట్టిక అడిగి తీసుకోవాలి. టైరుపై నాలుగంకెల తయారీ తేదీ కూడా చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. అరుదైన సైజులు గోదాముల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. తగ్గింపు ధర వెనుక తరచూ ఆ తేదీయే ఉంటుంది.

విడి చక్రాన్ని దేశమంతటా స్టెప్నీ అంటారు. 1904లో వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో డేవిస్ సోదరులు తయారు చేసిన విడి చక్రానికి, వారి దుకాణమున్న స్టెప్నీ వీధి నుంచి ఆ పేరు వచ్చింది. అక్కడ మాట మరుగునపడినా తెలుగులో, గుజరాతీలో బతికే ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఈ ఐదో టైరు ఖర్చు తప్పించుకోదగినది కాదు. అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఈ పికప్‌లలో ముందు, వెనుక ఇరుసులు ఆ సమయంలో ఒకే వేగంతో తిరగాలి. ఒక చక్రం చిన్నదైతే ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ గేర్లను మెలిపెడుతుంది. రెండు కొత్తవి ముందు, రెండు అరిగినవి వెనుక వేసినా అదే కథ: ట్రెడ్‌లో 8 మిల్లీమీటర్ల తేడా ఉంటే వ్యాసంలో 16 మిల్లీమీటర్లు, అంటే రెండు శాతం పైనే. ఐదు టైర్లూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే సైజు మార్చే ఆలోచన వాయిదా వేయడం మంచిది. బండి అడుగున స్టెప్నీ వేలాడే చోట కొత్త సైజు పడుతుందో లేదో కూడా కొనకముందే చూడాలి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషన్ పత్రంలోని అంశాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నిబంధనను కఠినంగా వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరించిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

మార్పు అంటే వాహన నిర్మాణంలో మౌలిక స్వరూపం మారడమని చట్టం వివరణ ఇస్తుంది. మూడు శాతం పెద్ద టైరు అందులోకి వస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం. సరకు రవాణా వాహనంగా నమోదైన పికప్ విషయంలో వాదనకు చోటు తక్కువ. ఆ తరగతి రిజిస్ట్రేషన్ వివరాల్లో ప్రతి ఇరుసుకూ టైరు పరిమాణం రాసి ఉంటుంది. ఎనిమిదేళ్లు దాటిన సరకు వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. సొంత వాహనమైతే 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తీసుకెళ్లినప్పుడు తనిఖీ ఉంటుంది. జీజే-05 నంబరుతో సూరత్‌లో తిరిగినా, తెలంగాణకు తరలించినా చట్టం ఒకటే. పాత టైర్లు పారేయకుండా ఉంచుకోవాలని కొందరు ఇచ్చే సలహా తనిఖీ వరకు గట్టెక్కిస్తుందేమో గానీ, ప్రమాదం జరిగిన రోజు బీమా సర్వేయర్ చూసేది బండికి ఉన్న టైర్లనే. సైజు మార్చాలనుకుంటే ముందే బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలిపి, జవాబును పత్రంతో పాటు భద్రపరచుకోవాలి.

టైర్లు మార్చిన రోజునే అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మళ్లీ బిగించి, ముందు గూళ్ల లైనింగుపై కొత్త గీతలు పడ్డాయేమో టార్చి వేసి చూడాలి. తర్వాత ఫోన్‌లోని జీపీఎస్‌తో 60, 80 వేగాల వద్ద మీటరు తేడా కొలిచి, దాన్నీ కొత్త గాలి అంకెలనూ ఒక చీటీపై రాసి తలుపు స్తంభంపై పాత పట్టిక పక్కనే అంటిస్తే, బండి నడిపే మరొకరికి అడగాల్సిన పని ఉండదు.